గంధకం తిత్తి నింపిన చేయి

ఫ్రాన్సు దేశం, ఎరో జిల్లా, మాస్‌రూజ్ గ్రామంలో ఉంటున్న అపొలోనీ కబ్రోల్ అనే నేను, చనిపోయిన బాతిస్త్ కబ్రోల్ భార్యను, వయసు అరవై తొమ్మిది, నా సొంత చేత్తో, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న మరణశాసనం ఇది. నా మతి నా దగ్గరే ఉంది. అది తప్పి ఉంటే బాగుండేదని ఈ ఏడేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను గాని తప్పలేదు. గుండె మాత్రం ఆగి ఆగి కొట్టుకుంటోందని డాక్టరు చెప్పాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను బడికి మూడు చలికాలాలు వెళ్ళాను, అంతే. తప్పులుంటే నోటరీ ఫాబ్రెగ్ గారు మన్నించాలి. తన గుమాస్తా చేత చక్కగా రాయిస్తానని ఆయన అన్నాడు. ఇవి గుమాస్తాకి చెప్పి రాయించే సంగతులు కావు.

1943లో నేను ఆయన దగ్గర పెట్టిన వీలునామా నేటితో రద్దు. అందులో నా కోడలు నోయెలీ పేరు లేదు. మరిచిపోయి కాదు, కావాలనే రాయలేదు.

ఒకటి. నా శవాన్ని మా ఆయన పక్కన పెట్టాలి. నా కొడుకు మార్సెలాన్ పక్కన ఇంకొకరికి చోటుంది. ఆ చోటు వాడి భార్యది. నేను తల్లినే అయినా అక్కడ పడుకునే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో నాలుగో అంశంలో రాశాను. ఫాదరు గారు ఆ అంశం చదవకుండా నా మీద మంచి మాటలు చెప్పకూడదు.

రెండు. స్థిరాస్తి. ఈ ఇల్లు, దాని వెనక కొట్టం, రాళ్ళ మెట్ట మీది ద్రాక్షతోట, అందులోని పన్నెండు వరుసలు నావి. వీటిలో సగం నా మనవరాలు జినెట్‌కి చట్టమే ఇస్తుందని నోటరీ గారు చెప్పారు. మంచిదే. చట్టానికి ఆ మాత్రం న్యాయం తెలిసినందుకు సంతోషం. మిగిలిన సగం, నా ఇష్టానికి వదిలిపెట్టినది, నోయెలీకి రాసి ఇస్తున్నాను. అమ్ముకున్నా, దున్ని పారేసినా, మేకలకి వదిలేసినా ఎవరూ అడ్డు చెప్పడానికి వీల్లేదు. ఊళ్ళోవాళ్ళు అసలే చెప్పకూడదు. ఆమె కొండ ఊరి పిల్ల. కొండవాళ్ళకి జున్ను తెలుసు గాని ద్రాక్ష తెలియదని బావి దగ్గర నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. పెళ్ళై వచ్చిన రెండో ఏడాదికే తీగ కత్తిరింపులో మా ఆయన చెయ్యి ఆమెకి వచ్చేసింది. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

మూడు. ద్రాక్షకి బూడిద తెగులు రాకుండా గంధకం పొడి చల్లే సామాను. ఇది కొట్టంలో ఎడమగోడకి తగిలించి ఉంది. ఒక్కొక్కటీ వేరువేరు మనుషులకి పోవాలి గనక విడిగా రాస్తున్నాను.

చిల్లుల డబ్బా. రేకుది, అడుగున చిల్లులు, వాటి చుట్టూ ఉన్ని కుచ్చులు. నా పదేళ్ళప్పుడు దీనితోనే మొదలుపెట్టాను. మొక్క మీద పట్టుకుని ఉప్పు చల్లినట్టు దులపడమే. బూడిద తెగులు తగిలిన గుత్తి ఎలా ఉంటుందో మా అమ్మ దీన్ని నా చేతికిచ్చిన రోజే చూపించింది. పిండిలో దొర్లించినట్టుంటుంది, వాసన తడిసిన పుట్టగొడుగు వాసన. ఇది జినెట్‌కి. పనికి రాదు, ఊరికే ఉంచుకోమ్మా.

వీపు యంత్రం. మా ఆయన 1926లో కొన్నది. వీపుకి తగిలించుకుని కుడిచేత్తో పిడి పైకీ కిందికీ ఆడిస్తే ఎడమచేతిలోని గొట్టం లోంచి పొడి మబ్బులా వస్తుంది. బరువు ఎక్కువ, మెట్ట మీద మనిషిని పడేస్తుంది. మా ఆయన దాన్ని రెండో పెళ్ళాం అనేవాడు. వీపు మీదెక్కి కూర్చుంటుంది, రోజంతా బుస్సుబుస్సుమంటుంది, అడిగినంత పెట్టకపోతే పని చెయ్యదు అని. ఇది నా మరిది కాసిమీర్‌కి. అతను దాని కోసం పాతికేళ్ళుగా చూస్తున్నాడు.

చేతి తిత్తి. బీచి చెట్టు చెక్కలు రెండు, మధ్యలో మేకతోలు మడతలు, ముందు రేకు గొట్టం, గొట్టం మూతికి సన్నజాలి. మా నాన్న చేశాడు. నా పెళ్ళికి పుట్టింటివాళ్ళు దుప్పట్లతో పాటు ఇచ్చింది. వరసలో నడుస్తూ ఒక్కో మొక్కకి రెండు ఊపులు, ఒకటి పైనుంచి, ఒకటి ఆకుల కిందనుంచి. గాలి వీపు మీద ఉండాలి. ఈ తిత్తి గురించే ఈ వీలునామా. దీన్ని నాతో పాటు పెట్టెలో పెట్టి పూడ్చమని మొదట రాసి కొట్టేశాను. కొట్టివేత నాదే అని పక్కన సంతకం పెట్టాను. ఇది నోయెలీకి. ఏం చేసుకోవాలో ఆమె ఇష్టం.

1921లో కాసిమీర్ ఈ తిత్తిని మూడు రోజులు అరువు తీసుకుని, తోలు చినిగితే జిగురు పెట్టి అంటించి, ఏమీ ఎరగనట్టు కొట్టం గుమ్మంలో పెట్టి పోయాడు. అడిగితే, "తిత్తి అన్నాక చినగదా వదినా, నువ్వు అన్నం తింటే బట్టలు బిగుసుకోవా" అన్నాడు. నాతో పరాచికం ఆడే మనిషి అప్పటికి ఊళ్ళో అతనొక్కడే. ఆ రోజు నుంచి నా కొడుకు పోయేదాకా, ఇరవై ఒక్క ఏళ్ళు, అతనితో నేను మాట్లాడలేదు. మా ఆయన తమ్ముణ్ణి కలవాలంటే కాఫీ హోటల్లో కలిసేవాడు. మా ఆయన శవపెట్టె మోస్తున్నప్పుడు కూడా నేను అతని వైపు చూడలేదు. ఒక జానెడు మేకతోలు కోసం. ఇది చిన్న సంగతని ఎవరూ అనుకోవద్దు. నా కొడుకు దీని మూలంగానే పోయాడు.

నాలుగు. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. కాని వీలునామాలోనే ఉండాలి, ఎందుకంటే దీన్ని చించెయ్యడం కుదరదు.

1942 జూన్. ద్రాక్ష పూతకొచ్చింది. పూత మీద గంధకం పడకపోతే ఆ ఏడు పంట లేదు. యుద్ధం, గంధకం దొరకదు. మా వాటాకి ఒక సంచి ఇచ్చారు, అదీ సగమే. కాసిమీర్ దగ్గర పాత సరుకు రెండు సంచులున్నాయి. అతనే మార్సెలాన్‌ని పిలిచి, "మీ అమ్మకి చెప్పకురా, చీకటి పడ్డాక వచ్చి ఒకటి భుజాన వేసుకుపో" అన్నాడు. నా కొడుకు చెప్పకుండా ఉండలేడు. వాడు వచ్చి, "అమ్మా, బాబాయి ఇస్తానంటున్నాడు, తెస్తాను" అన్నాడు. నేను, "వాడి గంధకం పడితే మన ఆకులు కూడా చినుగుతాయి" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వెళితే ఈ గుమ్మం తొక్కొద్దన్నాను. అప్పటికి వాడికి ముప్ఫై రెండేళ్ళు. నేను చెప్పానని ఆగిపోయాడు.

గంధకం చాలకపోతే సున్నం కలిపి సాగదియ్యడం మా అందరికీ అలవాటే. చల్లార్చి, ఆరబెట్టి, జల్లించిన సున్నం కలిపితే ఏమీ కాదు, పొడి జాలిలోంచి హాయిగా జారుతుంది కూడా. నా దగ్గర చల్లార్చిన సున్నం అంతకు ముందు వారమే మైలుతుత్తం మందులోకి అయిపోయింది. కొట్టం మూలలో కాల్చిన సున్నపురాయి సంచి ఉంది. పైన గాలి తగిలి కొంత పొడిపొడి అయింది. పొడి అయ్యింది కదా, చల్లారినట్టే అనుకున్నాను. చేత్తో ముట్టి చూశాను, చల్లగానే ఉంది. పొడిచేతికి చల్లగానే ఉంటుంది, తడి తగిలితేనే ఉడుకుతుంది. ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని జల్లించి, గంధకం సంచిలో కలిపాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మార్సెలాన్, "ఇంతకన్నా బాబాయి దగ్గరికి పోవడం నయం కదమ్మా" అంటాడని.

తెల్లారి తిత్తి నింపింది నోయెలీ. రోజూ నింపేది ఆమే. గంధకం సంచీ, సున్నం సంచీ పక్కపక్కన ఉంటాయి. ఆమె గంధకం సంచిలోంచే తీసింది. ఇది నేను దేవుడి ముందు ప్రమాణం చేసి రాస్తున్నాను. ఆమె తీసింది సరైన సంచిలోంచే.

మంచు ఆరింది, గాలి లేదు, ఎండ ఎక్కుతోంది. మార్సెలాన్ తిత్తితో ఒక వరస, ఆమె వీపు యంత్రంతో పక్క వరస. కళ్ళకి కట్టుకునే తోలు అంచు అద్దాలు ఇంట్లో ఒక్క జతే. వాడు అవి ఆమెకిచ్చాడు. పొడి చూసి, "ఈ ఏడు గంధకానికి రంగు తగ్గింది, జర్మనీ వాడికి భయపడి పాలిపోయినట్టుంది" అని వాడు అరిస్తే ఆమె నవ్వడం మెట్ట కింద నాకు వినపడింది. వాడి గొంతులో నవ్వు నేను విన్నది అదే ఆఖరు.

చెమట కళ్ళలోకి కారింది. పొడి దానిలో తడిసింది. వాడు మధ్యాహ్నానికి కళ్ళు మూసుకుని ఆమె భుజం పట్టుకుని దిగొచ్చాడు. గంధకం కళ్ళలో పడి మండడం మాకు ప్రతి జూన్‌లోనూ ఉన్నదే. దానికి నీళ్ళు తగలనివ్వరు, తగిలితే మంట పెరుగుతుందంటారు. పచ్చి బంగాళాదుంప చక్రాలు పెట్టి గుడ్డ కట్టి చీకటి గదిలో పడుకోబెడతారు. రెండో రోజుకి తగ్గిపోతుంది. నోయెలీ దుంపలు తరిగింది. నేను గుడ్డ కట్టాను. అది గంధకం మంట కాదని ఆ ఇంట్లో తెలిసినది నాకొక్కదానికే. కడవ నిండా నీళ్ళు పొయ్యి పక్కనే ఉన్నాయి. బావి గుమ్మం ముందే ఉంది. సున్నం అని ఒక్క మాట అంటే చాలు, వెంటనే కడిగేవాళ్ళం. నేను అనలేదు. సున్నం కలిపిన సంగతి బయటపడితే కాసిమీర్ నవ్వుతాడని అనుకున్నాను. రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. వాడు పళ్ళు బిగపట్టి పడుకుని, "అమ్మా, పొడి కొంచెం వేడిగా తగిలింది. ఏమైనా కలిపావా?" అని అడిగాడు. నేను లేదన్నాను.

మూడో రోజు డాక్టరు వచ్చి గుడ్డ విప్పి, "ఇది సున్నం. ఎవరు పోశారు సున్నం?" అన్నాడు. గదిలో వాడు కాక, చూడవచ్చిన పొరుగావిడతో కలిపి నలుగురం ఉన్నాం. అందరూ నోయెలీ వైపు చూశారు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. నేను ఒకే ఒక్క మాట అన్నాను. "నన్నడగొద్దు, నింపింది తను" అన్నాను. అది అబద్ధం కాదు. అంతకన్నా పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడికంట వెలుగు తప్ప ఇంకేమీ మిగల్లేదు. 1940లో యుద్ధం నుంచి గోరు కూడా ఊడకుండా తిరిగొచ్చినవాడు. వాడు ఆమెని ఏమీ అనలేదు. "తిత్తి నా చేతిలో ఉంది, చూసుకోవలసింది నేనే" అన్నాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. కొండది రెండు సంచుల తేడా ఎరగదన్నారు. తను అద్దాలు పెట్టుకుని మొగుణ్ణి గుడ్డివాణ్ణి చేసిందన్నారు. నేను వింటూ నిలబడ్డాను.

వాడు మొక్కలు తడుముకుంటూ వరస నడవడం నేర్చుకున్నాడు. ఆఖరి వరసలో ఎనభై నాలుగు మొక్కలు, ఆ తర్వాత రాతిగోడ. గోడ మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరుగుతాడు. అక్టోబరు మొదటి వారంలో రెండు రోజులు వాన పడింది. వెలిసిన పొద్దున వాడు చేతికర్ర తీసుకుని బయలుదేరుతుంటే నేను చూశాను. గాలి పీల్చుకుంటాడు, మంచిదే అనుకున్నాను. ఆ గోడనీ, చివరి తొమ్మిది మొక్కలనీ వాగు కోసుకుపోయింది, ఆ సంగతి నేనింకా వెళ్ళి చూడలేదు. వాడు డెబ్భై అయిదు లెక్కపెట్టి, ఇంకో అడుగు వేశాడు.

నవంబరులో నోయెలీ నాలుగేళ్ళ పిల్లని తీసుకుని పుట్టింటి ఊరికి పోయింది. పోయే ముందు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తయ్యా, ఏ సంచిలోంచి తీశానో నాకు గుర్తు రావడం లేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు" అంది. నేను లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

అయిదు. కాబట్టి ఈ కింది మాట నోటరీ గారు నా అంత్యక్రియల తరవాతి ఆదివారం పూజ ముగిశాక చర్చి గుమ్మంలో, ఊరందరూ వినేలా గట్టిగా చదవాలి: మార్సెలాన్ కబ్రోల్ కళ్ళు పోవడానికి కారణం అతని తల్లి. అతని భార్య చేతుల్లో ఏ తప్పూ లేదు.

ఆరు. చిల్లర వస్తువులు. నా వెండి పతకం జినెట్‌కి. గంధకం పొడికి నల్లబడిపోయింది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరి వెండీ అంతే. తోముకుంటే తెల్లబడుతుంది. ఉన్ని దుప్పటి మా వీధి చివర రేకుపని చేసే ఎలీ రుకెట్‌కి. 1944 చలికాలంలో నేను గడప దాటక, నాతో ఎవరూ పెద్దగా మాట్లాడని రోజుల్లో ఆయన తిత్తి గొట్టానికి మాటు వేసి పెట్టాడు. ఆ తిత్తి ఇంక వాడనని చెప్పినా, తుప్పు పట్టనియ్యకూడదమ్మా అన్నాడు. మార్సెలాన్ టోపీ ఎవరికీ ఇవ్వను. అది నా తల కింద పెట్టండి. నోయెలీ అడిగితే మాత్రం ఆమెకే ఇవ్వండి.

ఏడు. ఈ వీలునామా అమలు జరిపే భారం నా మరిది కాసిమీర్ కబ్రోల్ మీద పెడుతున్నాను. ఆ చినిగిన తోలు సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదు, నాతో సహా.

ఇక్కడిదాకా శుక్రవారం రాశాను. శనివారం సాక్షి సంతకానికి కాసిమీర్‌ని పిలిచాను. అతను కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. నాలుగో అంశం రెండుసార్లు చదివాడు. కలం మూత పెట్టి బల్ల మీద పెట్టేశాడు. "నా కొట్టంలో రెండు సంచులున్నాయి వదినా, అక్కడే ఉన్నాయి" అన్నాడు. తరవాత, "చచ్చాక చెబుతావా? అప్పుడా పిల్ల ఎవర్ని తిట్టుకోవాలి? నీ సమాధి రాయినా?" అన్నాడు. నా గుండె సంగతి చెప్పాను. "నీ గుండె బస్సెక్కేంత వరకూ కొట్టుకుంటుందిలే. నువ్వు వెళ్ళి ఆమె మొహం మీద చెప్పొస్తే పెడతా సంతకం. లేకపోతే పెట్టను" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎనిమిది. ఇది సోమవారం రాస్తున్నాను. నిన్న వెళ్ళాను.

నోయెలీ ఉండేది కొండ ఊళ్ళో, గొర్రెపాల జున్ను చేసే కొట్టు పైగదిలో. తలుపు తీసింది. చేతులకి ఉప్పునీళ్ళు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అత్తయ్యా అని పిలవలేదు. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను. కాగితం చూసి చదవాలనుకున్నాను గాని అది బయటికి తియ్యకుండా నోటితోనే చెప్పాను. సున్నం నేను కలిపాను. ముందు రోజు సాయంత్రమే కలిపాను. వాడు అడిగితే లేదన్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుంది. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. "కిటికీ వైపు సంచే కదా నేను తీసింది?" అంది. అవునన్నాను. "కిటికీ వైపుదే గంధకం కదా?" అంది. అవునన్నాను. "అయితే నేను సరిగ్గానే తీశాను" అంది. అవునన్నాను. ఆ మాటే ఇంకో రెండుసార్లు తనలో తను అనుకుంది.

తరవాత, "జినెట్, ఇలా రా" అని పిలిచింది. పన్నెండేళ్ళ పిల్ల, మార్సెలాన్ నుదురే. "మీ నాయనమ్మ ఏదో చెబుతోంది, విను" అంది. "మళ్ళీ చెప్పు" అంది నాతో. మళ్ళీ చెప్పాను. తరవాత కిందికి తీసుకెళ్ళింది. జున్ను గిన్నెలు కడుగుతున్న నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందు, "ఇంకోసారి" అంది. చెప్పాను. మూడోసారి చెబుతుంటే ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఏడవలేదు. అక్కడ ఏడవడం కూడా నాకు తగదనిపించింది.

బస్సు దాకా నా వెనకే వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. తోట రాసిచ్చానని చెప్పాను. తోట సంగతి తరవాత చూద్దాం అంది. వీలునామా ఇంకా పూర్తి కాలేదని చెబితే, అందులో ఏముందని అడిగింది. చెప్పాను. చర్చి గుమ్మంలో చదవడం నువ్వు చచ్చేదాకా ఆగక్కర్లేదు, వచ్చే ఆదివారమే చదవాలి, నువ్వే చదవాలి అంది. అలాగే అన్నాను. అయిదో అంశాన్ని అలా మారుస్తున్నాను. నోటరీ గారు చదవనక్కర్లేదు, నేనే చదువుతాను.

బస్సు ఎక్కబోతుంటే ఆమె నా శాలువా అంచు పట్టుకుని ఆపి, తాను నన్ను క్షమించలేదని కూడా అందులో రాయమంది. రేపు ఊళ్ళోవాళ్ళు కోడలు పెద్దమనసు చేసుకుందని చెప్పుకోకూడదు అంది.

నోయెలీ కబ్రోల్ నన్ను క్షమించలేదు. ఆమె రాయమన్నట్టే రాశాను.

మాస్‌రూజ్ గ్రామం, 1950 మార్చి 20, సోమవారం.

(సంతకం) అపొలోనీ కబ్రోల్

సాక్షులు:
కాసిమీర్ కబ్రోల్, రైతు, మరిది
ఎలీ రుకెట్, రేకుపనివాడు